జీవితకాలం నమ్ముకోదగ్గ ఒకే ఒక్క రివాల్వర్‌: వరంగల్ వైపు వాళ్లకు సమగ్ర మార్గదర్శి

ఆయుధ లైసెన్సు మంజూరైందని తెలియగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "అన్నా, ఏ కంపెనీది తీసుకోవాలె?" అని. సైన్యంలో ఆయుధాల మరమ్మతు పని చేసి వచ్చినవాణ్ణి కాబట్టి హనుమకొండ, పరకాల, నర్సంపేట వైపు నుంచి ఈ ప్రశ్న నా దగ్గరికి తరచూ వస్తుంటుంది. కంపెనీ పేరు కంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. ముప్పై ఏళ్ల తర్వాత కూడా దీనికి తూటా దొరుకుతుందా? చెడిపోతే చట్టప్రకారం బాగుచేసేవాడు ఉన్నాడా? ఇంట్లో వాతావరణానికి, మనుషులకు ఇది సురక్షితమేనా? ఈ మూడింటికీ అవునని చెప్పగలిగిన ఆయుధమే జీవితకాలం నిలుస్తుంది. మిగతావన్నీ బీరువాలో తుప్పు పట్టే ఇనుమే.

ముందుగా: అసలు కొనాలా?

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కొనుగోళ్లకు రోజూ పెద్ద మొత్తంలో నగదు తిప్పే వ్యాపారి, బంగారం షాపు యజమాని, ఊరికి దూరంగా గ్రానైట్ క్వారీ నడిపేవాళ్లు, ప్రాణభయం ఉందని పోలీసులే నమ్మినవాళ్లు, వీళ్ల అవసరం నాకు అర్థమవుతుంది. ములుగు, ఏటూరునాగారం వైపు రైతులు మాత్రం అడవి పందుల కోసం అడుగుతారు. ఆ పనికి రివాల్వర్ అస్సలు పనికిరాదు. పైగా అధికారిక అనుమతి లేకుండా పందిని కాల్చడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పంట కోసమైతే కంచె గురించి ఆలోచించండి.

ఇంకో మాట సూటిగా చెబుతాను. ఇంట్లో ఎవరైనా బాగా తాగేవాళ్లు ఉన్నా, అప్పులతోనో దిగులుతోనో ఎవరైనా కుంగిపోయి ఉన్నా, ఈ ఏడాది కొనకండి. దొంగ వచ్చే రోజు ఎప్పుడో ఒకటి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆ మనిషి మాత్రం రోజూ ఆ ఇంట్లోనే ఉంటాడు. ఆయుధం అందుబాటులో ఉన్న ఒక్క క్షణం చాలు. ఇప్పటికే ఇంట్లో ఆయుధం ఉండి, ఎవరి గురించైనా మీకు భయం వేస్తుంటే వెంటనే పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేయండి. రసీదు తీసుకుంటే మీ హక్కు ఎక్కడికీ పోదు.

చట్టం గీసిన గీత

మనకు దొరికే ఆయుధాల జాబితాను చట్టమే చాలావరకు కుదించేసింది. 1959 నాటి ఆయుధ చట్టం, 2016 నాటి ఆయుధ నిబంధనలు, 2019లో చేసిన సవరణ, ఈ మూడూ కలిపి చూసుకోవాలి. 21 ఏళ్లు నిండాలి. ఒక మనిషి పేరు మీద ఇప్పుడు రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. అంతకుముందు మూడు ఉండేవి. లైసెన్సు కాలం ఐదేళ్లు. లైసెన్సు లేని ఆయుధం దగ్గర ఉంచుకుంటే జైలు తప్పదు. తక్కువకు వస్తుందని ఎవరో చెప్పిన నాటు తుపాకీ వైపు కన్నెత్తి కూడా చూడకండి. అది చట్టానికి ఎంత ప్రమాదమో చేతికీ అంతే ప్రమాదం. దాని బ్యారెల్‌ను ఎవరూ పరీక్షించి ఉండరు.

దరఖాస్తును కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్, లేనిచోట జిల్లా కలెక్టర్ చూస్తారు. వరంగల్, కరీంనగర్, రామగుండం, నిజామాబాద్ కమిషనరేట్లు. ములుగు, భూపాలపల్లి లాంటి జిల్లాల వాళ్లు కలెక్టరేట్‌లో కనుక్కోవాలి. ఫారం ఏ-1లో దరఖాస్తు, ఆయుధాన్ని భద్రంగా వాడే శిక్షణ తీసుకున్నట్టు ఎస్-1 సర్టిఫికెట్, శారీరక, మానసిక ఆరోగ్యానికి సంబంధించి డాక్టర్ ఇచ్చే ఎస్-3 సర్టిఫికెట్ కావాలి. పోలీసు విచారణ జరుగుతుంది. ఎందుకు కావాలో మీరు రాసిన కారణాన్ని విచారణకు వచ్చిన అధికారి మీ ఊళ్లోనూ అడుగుతాడు. అక్కడొక మాట, ఇక్కడొక మాట ఉండకూడదు. మంజూరైతే మీకొక ప్రత్యేక గుర్తింపు సంఖ్య వస్తుంది. అది దేశవ్యాప్త లైసెన్సుల డేటాబేస్‌లో నమోదవుతుంది. లైసెన్సు మీద కొనడానికి ఇచ్చిన గడువు, ఏ ప్రాంతంలో చెల్లుతుంది, ఒకసారి ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనొచ్చు, ఈ నాలుగూ వేలు పెట్టి చదువుకోండి.

ఒక్క విషయంలో మనవాళ్లు బాగా బోల్తా పడతారు. లైసెన్సు తెలంగాణ వరకే చెల్లుతుందనుకోండి. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే సిరోంచ, అంటే మహారాష్ట్ర. ఆదిలాబాద్ మీదుగా పెన్‌గంగ దాటినా అంతే. పది నిమిషాల ప్రయాణమే కావొచ్చు, నడుముకు ఆయుధంతో వంతెన దాటితే కేసు అవుతుంది. చుట్టరికాలు అటువైపు ఉన్నవాళ్లు ఆ రోజు ఆయుధాన్ని ఇంట్లో తాళం వేసి వెళ్లాల్సిందే.

బోర్ ఎంపిక: ఇక్కడే సగం పని అయిపోతుంది

బోర్ అంటే బ్యారెల్ గొట్టం లోపలి వెడల్పు. 9 ఎంఎం, .38, .455 లాంటి చేతి ఆయుధాలు నిషేధిత బోర్ కిందికి వస్తాయి. మామూలు లైసెన్సు మీద అవి దొరకవు. మనకు మిగిలేది ప్రధానంగా .32, దాని తర్వాత .22.

.32లో మళ్లీ రెండు రకాల తూటాలున్నాయి. వాటిని కలిపేయకూడదు. రివాల్వర్‌కు వాడేది .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్. 1896 నాటిది. దాని వెనుక అంచు వెడల్పుగా ఉండి సిలిండర్‌లో, అంటే తూటాలు పెట్టే గుండ్రటి తిరిగే భాగంలో, ఆగుతుంది. పిస్టల్‌కు వాడేది .32 ఏసీపీ. 1899లో జాన్ బ్రౌనింగ్ తయారుచేసింది. దాని అంచు దాదాపు కేసు (తూటా వెనకుండే ఇత్తడి గొట్టం) మందంతో సమానంగా ఉంటుంది. పేరులో 32 ఉంది కదా అని పిస్టల్ తూటాను రివాల్వర్‌లో దూర్చి చూసేవాళ్లను చూశాను. కొన్నిసార్లు దూరుతుంది కూడా. కానీ దాని పీడనం ఎక్కువ, పాత రివాల్వర్‌కు అది పెద్ద దెబ్బ. ఏ ఆయుధానికి ఏ తూటా అన్నది లైసెన్సు మీద, ఆయుధం మీద, పెట్టె మీద ఒకేలా రాసి ఉండాలి.

ఈ రెండు తూటాలనూ పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీలో దేశంలోనే తయారుచేస్తారు. కేసు అడుగున కేఎఫ్ అన్న అక్షరాలు ఉంటాయి. మరో ముప్పై ఏళ్లు తూటా దొరకాలంటే దేశంలో తయారయ్యే బోర్‌కే కట్టుబడి ఉండాలి. చేతికి అందంగా కనబడిందని అరుదైన బోర్ పాత విదేశీ ఆయుధం కొని, తూటాల కోసం ఊరూరా తిరిగేవాళ్లున్నారు.

.22 గురించి ఒక్కమాట. సాధనకు చవక, దెబ్బ తక్కువ, వయసు మళ్లిన చేతులకు తేలిక. కానీ దానిలో నిప్పు రాజేసే మందు కేసు అంచులో ఉంటుంది కాబట్టి పేలకుండా పోయే తూటాల సంఖ్య ఎక్కువ. ప్రాణరక్షణకు ఒకే ఒక్కటి కావాలనుకునేవాళ్లకు నేను .22 చెప్పను.

రివాల్వరా, పిస్టలా?

నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. నెలకోసారైనా రేంజ్‌కు వెళ్లి కాల్చే అలవాటు లేనివాళ్లకు రివాల్వరే. మన జిల్లాల్లో అలా వెళ్లగలిగినవాళ్లు ఎంతమంది?

పిస్టల్‌లో తూటాలు మ్యాగజైన్ అనే చిన్న డబ్బాలో స్ప్రింగ్ మీద నొక్కుకుని కూర్చుంటాయి. పేలిన ప్రతిసారీ పైన జారే భాగం, అంటే స్లయిడ్, వెనక్కి వెళ్లి ఖాళీ కేసును విసిరేసి కొత్తదాన్ని ఎక్కించుకోవాలి. మ్యాగజైన్ పెదవులు కాస్త వంగినా, స్లయిడ్‌ను మళ్లీ ముందుకు తోసే రీకాయిల్ స్ప్రింగ్ అలసిపోయినా, మణికట్టు గట్టిగా పట్టకపోయినా మధ్యలో ఆగిపోతుంది. ఆగినప్పుడు విడదీసి మళ్లీ ఎక్కించడం టెన్షన్‌లో చేతికి రావాలంటే వందలసార్లు చేసి ఉండాలి. మ్యాగజైన్ తీసేసినా బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలో (చాంబర్‌లో) ఒక తూటా మిగిలిపోవచ్చన్న సంగతి కొత్తవాళ్లకు గుర్తుండదు. ఇళ్లల్లో ప్రమాదాలు అక్కడే జరుగుతాయి.

రివాల్వర్‌లో తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే తర్వాతి గది వస్తుంది. సిలిండర్ తెరిస్తే ఆరు గదులూ కళ్ల ముందుంటాయి. ఖాళీగా ఉందో లేదో పదేళ్ల తర్వాత తీసి చూసినా తెలిసిపోతుంది. ఏ స్ప్రింగూ ఏళ్ల తరబడి నొక్కుకుని ఉండదు. దీనికీ లోపం ఉంది. ఆరు తూటాలే, మళ్లీ నింపడం నెమ్మది, హామర్ (తూటాను కొట్టి పేల్చే సుత్తి లాంటి భాగం) ఎత్తకుండా నేరుగా నొక్కితే ట్రిగ్గర్ బరువు ఎక్కువ. పాత డిజైన్లలో ఈ బరువు ఇంకా తెలుస్తుంది. ఆ బరువుకు వేలు అలవాటు పడాలి. అంతే తప్ప స్ప్రింగ్ కోసి తేలిక చేయించకూడదు. స్ప్రింగ్ కోసిన రివాల్వర్ హామర్ దెబ్బ చాలక అవసరమైన రోజే పేలకుండా పోతుంది.

మన ముందున్నవి ఏవి?

కొత్తగా కొనాలంటే ప్రధానంగా ప్రభుత్వ రంగ కర్మాగారాలే. 2021 అక్టోబర్ 1న పాత ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టారు. చిన్న ఆయుధాలు కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా చేతికి వచ్చాయి. విదేశీ చేతి ఆయుధాలను మామూలు పౌరులు దిగుమతి చేసుకునే దారి 1980ల మధ్య నుంచే మూతపడింది. అందుకే పాత విదేశీ రివాల్వర్లకు ఇప్పుడు లక్షల్లో ధర పలుకుతోంది. అది నాణ్యతకు పలికే ధర అనుకోకండి, కొరతకు పలికే ధర.

కాన్పూర్ .32 రివాల్వర్ పాత బ్రిటిష్ కంపెనీ వెబ్లీ పద్ధతిలో మధ్యలో విరిచి తెరిచేది. బ్యారెల్‌ను కిందికి వంచితే ఖాళీ కేసులన్నీ ఒకేసారి పైకి లేస్తాయి. ఉక్కు శరీరం, విడిభాగాల సరళి తెలిసినది, దేశమంతా వాడుకలో ఉంది. బాగుచేసేవాళ్లకు దాని లోపల ఏముందో తెలుసు. జీవితకాలం అన్న లెక్కలో ఇది చాలా పెద్ద గుణం. 2014లో వచ్చిన నిర్భీక్ టైటానియం మిశ్రమంతో చేసింది, బరువు సుమారు అరకిలో. విడుదలైనప్పుడు ధర దాదాపు 1.22 లక్షలు. చెమటకు తుప్పు పట్టే బాధ తక్కువ, సంచిలో తేలిక. కానీ బరువు తగ్గితే చేతికి తగిలే కుదుపు పెరుగుతుంది. సాధన తగ్గిపోవడానికి అదొక కారణం అవుతుంది. 2023లో వచ్చిన ప్రబల్‌లో సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. మధ్యలో విరిచేదాని కంటే ఆ నిర్మాణంలో ఫ్రేమ్ ఒకే ముక్కగా ఉంటుంది కాబట్టి బిగువు ఎక్కువ కాలం నిలుస్తుంది. .32 పిస్టల్ కావాలన్నవాళ్లకు అశని ఉంది.

ఈ రోజు నన్ను ఒక్కటే చెప్పమంటే, ఉక్కు శరీరం ఉన్న ఆరు గదుల .32 రివాల్వర్ అంటాను. పక్కకు తెరుచుకునేది చేతికి నప్పితే అది, లేదంటే పాత పద్ధతిది. చేతికి నప్పడం అంటే పిడి పట్టుకున్నప్పుడు చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీద హాయిగా ఆగాలి, పిడి సాగదీసి పట్టాల్సిన పని ఉండకూడదు. ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ లైసెన్సులుంటే ఇద్దరి చేతుల్లోనూ పెట్టి చూడండి.

డీలర్ కౌంటర్ ముందు: ఒక్కొక్క ఆయుధాన్ని చూడండి

మోడల్ మంచిదైనంత మాత్రాన మీ చేతికిచ్చిన ఆ ఒక్కటీ మంచిదని కాదు. ఒకే పెట్టెలో పక్కపక్కన ఉన్న రెండు రివాల్వర్లలో తేడా ఉంటుంది. రెండు మూడు చూపించమని అడగండి. తొందరపెట్టే డీలర్ దగ్గర కొనకండి. చిన్న టార్చ్, తెల్ల కాగితం ముక్క, బండి మెకానిక్‌ల దగ్గర ఉండే, సందులు కొలిచే ఫీలర్ గేజ్, ఆరు డమ్మీ (మందు లేని) తూటాలు వెంట తీసుకెళ్లండి.

మొదట తెరిచి, ఆరు గదులూ ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. డీలర్ చూశాడు కదా అని వదిలేయకండి. ఆయుధాన్ని మీరు తీసుకున్న ప్రతిసారీ ఈ పని మీదే.

తర్వాత నంబర్లు. ఫ్రేమ్ మీద తయారీదారు పేరు, క్రమ సంఖ్య, ప్రూఫ్ ముద్రలు (పరీక్షించారని కొట్టే గుర్తులు) స్పష్టంగా ఉండాలి. గీరినట్టో, మళ్లీ కొట్టినట్టో కనబడితే అక్కడే వదిలేసి బయటికి రండి. గుర్తులు చెరిపిన ఆయుధం దగ్గర ఉంచుకోవడమే నేరం.

ఇప్పుడు సిలిండర్. డమ్మీలు వేసి మూసి, ఎడమచేతి బొటనవేలితో సిలిండర్‌ను చాలా తేలిగ్గా అదిమి, కుడిచేత్తో హామర్‌ను నెమ్మదిగా, గడియారం ముల్లు కదిలినంత నిదానంగా వెనక్కి లాగండి. హామర్ పూర్తిగా ఆగే లోపే సిలిండర్ టక్కున తన స్థానంలో లాక్ అవ్వాలి. ఆరు గదులకూ ఇలాగే చూడాలి. ఐదు బాగుండి ఒకటి ఆలస్యంగా లాక్ అయితే, ఆ ఒక్క గదిలో తూటా బ్యారెల్‌తో సూటిగా కలవదు. సీసపు గుండు అంచు గీరుకుని ముక్కలు పక్కలకు చిమ్ముతాయి. అలాంటి రివాల్వర్ వద్దు.

హామర్ ఎత్తి ఉంచి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా, వెనక నుంచి బొటనవేలితో హామర్‌ను ముందుకు నెట్టండి. జారిపడకూడదు. జారితే లోపలి మెట్టు అరిగిందని అర్థం. జేబులో పేలే ఆయుధం అది.

ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని సిలిండర్‌ను అటూ ఇటూ ఊపండి. కొద్దిగా కదలిక సహజం, గలగలమంటే కాదు. ఫీలర్ గేజ్‌తో సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు కొలవండి. సుమారు 0.10 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటే నిశ్చింత. సందు మరీ ఎక్కువైతే మంట, వాయువు పక్కకు పోతాయి. మరీ తక్కువైతే నాలుగు రౌండ్లకే మసి పేరుకుని సిలిండర్ తిరగడం బరువవుతుంది. మధ్యలో విరిచే రకంలో బిగించిన తర్వాత బ్యారెల్‌ను పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడాలి. గొళ్లెం, బందు దగ్గర టకటక ఆడితే అరిగిపోయింది. ఆ అరుగుదలను మళ్లీ సరిచేయడం కష్టం.

బ్యారెల్ లోపల చూడటానికి తెరిచి, వెనక తెల్ల కాగితం పెట్టి, టార్చ్ వెలుగు దాని మీద పడేలా చేసి మూతి వైపు నుంచి చూడండి. మెలికల గాట్లు చివరిదాకా పదునుగా, మెరుస్తూ ఉండాలి. నల్లటి చుక్కలు తుప్పు గుంటలు. ఎక్కడైనా ఉంగరంలా నీడ కనబడితే బ్యారెల్ ఒకప్పుడు ఉబ్బిందని. గుండు ఇరుక్కున్నాక రెండోది కాల్చారన్నమాట. ఎంత తక్కువకు ఇచ్చినా అది వద్దు.

చివరగా ఆరు డమ్మీలనూ బయటికి తీయండి. కేసులను బయటికి లేపే భాగం, అంటే ఎక్స్‌ట్రాక్టర్, అన్నింటినీ ఒకేసారి లేపాలి. మధ్యలో విరిచే రకంలో కేసు అంచు ఒక్కోసారి ఎక్స్‌ట్రాక్టర్ కిందికి జారి ఇరుక్కుంటుంది. ఆరు గదులతో నాలుగైదుసార్లు చేసి చూస్తేనే ఆ సంగతి బయటపడుతుంది.

పాతది కొనాలంటే, వారసత్వంగా వస్తే

ఒక లైసెన్సుదారుడు ఇంకో లైసెన్సుదారుడికి నేరుగా అమ్మొచ్చు. కానీ ముందుగా జిల్లా మెజిస్ట్రేట్‌కో దగ్గరి పోలీస్ స్టేషన్ అధికారికో రాతపూర్వకంగా తెలియజేసి, కనీసం 45 రోజులు ఆగాలి. ఇంతకంటే తేలిక దారి, లైసెన్సున్న డీలర్ ద్వారా చేయడం.

పరకాల వైపు నుంచి ఒకతను తన తండ్రి వెబ్లీ రివాల్వర్‌ను, అన్ని కాగితాలతో, తోలు హోల్‌స్టర్ (ఒర)లోనే తెచ్చాడు. హోల్‌స్టర్ చూడముచ్చటగా ఉంది, లోపల మాత్రం కథ వేరు. తోలు తగిలిన చోటల్లా, సరిగ్గా తోలు కుట్టు ఆకారంలోనే, గోధుమ రంగు తుప్పు పట్టీ ఉంది. బెల్టు వలయాల్లో పెట్టిన తూటాల ఇత్తడి మీద పచ్చటి చిలుము మందంగా పేరుకుంది. బ్యారెల్ లోపల మాత్రం అద్దంలా ఉంది, ఎందుకంటే ఆ పెద్దాయన కాల్చిన రోజే తుడిచేవాడట. ఆ తూటాలను అప్పగించేశాం, హోల్‌స్టర్ పక్కన పడేశాం, రివాల్వర్ బతికింది. తోలు పదును చేయడానికి వాడే రసాయనాలు, అది పీల్చుకునే తేమ, రెండూ లోహానికి శత్రువులు. హోల్‌స్టర్ మోయడానికే, దాచడానికి కాదు.

బాగుచేయించాల్సి వస్తే మరమ్మతుకు కూడా లైసెన్సు ఉన్నచోటికే వెళ్లాలి. మంచి పనివాడని లేత్ షాపుకు ఇస్తే ఇచ్చినవాడూ, చేసినవాడూ ఇద్దరూ చిక్కుల్లో పడతారు.

కొన్న తర్వాత మొదటి నెల

డీలర్ లైసెన్సులో ఆయుధం వివరాలు, తూటాల సంఖ్య రాసి సంతకం చేశాడో లేదో అక్కడే సరిచూసుకోండి. ఒక అంకె తప్పినా తర్వాత తిప్పలు మీవే. బిల్లు, లైసెన్సు పేజీలు, క్రమ సంఖ్య ఉన్న ఫోటోలు ఒక ఫైలులో వేరుగా పెట్టండి. ఆయుధాన్ని అధికారులకు చూపించాల్సిన గడువు ఉంటే దాటనివ్వకండి.

గుర్తింపు ఉన్న రేంజ్‌లో ఆరు గదుల్లో ఒక్కొక్కదానితో కాల్చి చూడండి. ఖాళీ కేసుల అడుగున ఫైరింగ్ పిన్ దెబ్బ మధ్యలో, ఆరింటి మీదా ఒకే లోతులో పడిందా గమనించండి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే మూతి అటే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. శబ్దం మామూలుగా కాకుండా బుస్సుమని వస్తే వెంటనే ఆపి బ్యారెల్ చూడాలి. లోపల గుండు ఇరుక్కుని ఉండొచ్చు. కేసులు పారేయకండి, తర్వాత కొనుగోలుకు లెక్క అడగవచ్చు.

పొలం బావి దగ్గరో గుట్టల్లోనో సాధన చేద్దామనుకోవద్దు. చట్టం సంగతి అటుంచితే, మన గుట్టలన్నీ గ్రానైటే. గుండు రాతికి తగిలి ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో కట్టిన షూటింగ్ రేంజ్ మనకు దూరమే. అయినా ఇలాంటి సరైన రేంజ్‌కు ఏడాదికి కొన్నిసార్లు వెళ్లిరావడం వల్ల పోయేదేం లేదు. ఈ మధ్యలో ఇంట్లో డమ్మీలతో, తూటాలు వేరే గదిలో తాళం వేసి, గట్టి గోడ వైపు గురిపెట్టి ట్రిగ్గర్ సాధన చేయండి. సెంటర్‌ఫైర్, అంటే కేసు అడుగున మధ్యలో దెబ్బ పడే .32కు డమ్మీలతో అది హాని చేయదు. .22ను మాత్రం ఖాళీగా నొక్కకూడదు, పిన్ గది అంచుకు కొట్టుకుంటుంది. గురి కుదరాలనుకునేవాళ్లకు .177 ఎయిర్ పిస్టల్ మంచి గురువు. మన హైదరాబాద్ అమ్మాయి, షూటర్ ఈషా సింగ్ మొదట చేయి కుదుర్చుకున్నది దానితోనే.

పెళ్లి బరాత్‌లో గాలిలోకి కాల్చడం 2019 సవరణ తర్వాత విడిగా నేరం. రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైకి వెళ్లిన గుండు ఎవరి మీదో ఒకరి మీద పడుతుంది.

మన ఎండకు, మన వానకు

మేలో 44, 45 డిగ్రీల ఎండలో నడుముకు పెట్టుకుంటే చెమటలోని ఉప్పు ఒక్క రాత్రిలో ఉక్కు మీద ఎర్రటి మచ్చ తెస్తుంది. ఇంటికి రాగానే పొడి నూలు గుడ్డతో తుడిచి, పలుచగా నూనె పట్టించిన ఇంకో గుడ్డతో రాయాలి. పిడి అంచులు, ట్రిగ్గర్ వెనక భాగం, హామర్ పక్కలు, వీటినే అందరూ మర్చిపోతారు.

నూనె విషయంలో ఇళ్లల్లో కొబ్బరినూనె వాడే అలవాటుంది. మానేయండి. ఏళ్లు గడిచేకొద్దీ అది జిగురుగా మారుతుంది. అంతకంటే ముఖ్యం, 24 డిగ్రీల కింద అది గడ్డకడుతుంది. డిసెంబర్, జనవరిలో ఆదిలాబాద్‌లో తెల్లవారుజామున ఒంటి అంకె డిగ్రీలకు పడిపోతుంది. ఆ చలిలో హామర్ మందగించి తూటాకు తగినంత దెబ్బ తగలదు. ఆయుధాలకని అమ్మే నూనె మంచిది. దొరకనప్పుడు కుట్టు మిషన్ నూనె ఒకటి రెండు చుక్కలు. ఎక్కువ పోయకూడదు. కారిన నూనె తూటా అడుగులోకి చేరితే మందు పాడవుతుంది.

వానాకాలం జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బయటి గోడకు ఆనించిన ఇనుప బీరువా లోపల తేమ నిలుస్తుంది. లోపలి గోడ వైపు పెట్టండి, సిలికా జెల్ సంచులు వేయండి, రంగు మారగానే వాటిని ఆరబెట్టండి. నెలకోసారి తీసి తుడవండి. ఆయుధం ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో. తాళంచెవి పిల్లలకు తెలిసిన చోట ఉండకూడదు. బీరువాలో చీరల మధ్య దాస్తే పిల్లలకు తెలియదనుకోవడం భ్రమ. తూటాలను పాతవి ముందుగా సాధనలో వాడేసి, కొత్తవి దగ్గర ఉంచుకోండి. పచ్చ చిలుము పట్టినదాన్ని తోమి వాడొద్దు, డీలర్‌కో పోలీసులకో అప్పగించండి.

కాల్చిన రోజే శుభ్రం చేయడం మాత్రం మానకూడదు. బ్యారెల్‌ను రాగి బ్రష్‌తో, మధ్యలో విరిచే రకమైతే వెనక వైపు నుంచి. ఆరు గదుల్లోనూ ముందు అంచున పేరుకునే మసి వలయం పోవాలి. ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం కింద ఒక్క మందు రేణువు మిగిలినా సిలిండర్ మూయడం బిగుసుకుంటుంది.

ఎన్నికల డిపాజిట్: ఆయుధం పాడయ్యే అసలు సమయం

ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు ఆయుధాలను డిపాజిట్ చేయమని ఆదేశాలు వస్తాయి. 2023 డిసెంబర్‌లో అసెంబ్లీ ఫలితాలు, 2024 మేలో లోక్‌సభ పోలింగ్, మధ్యలో ఊపిరి ఆడలేదు. స్థానిక ఎన్నికలు వస్తే మళ్లీ. మినహాయింపు కావాలంటే స్క్రీనింగ్ కమిటీకి అడగాలి, ఆదేశాన్ని పట్టించుకోకపోతే లైసెన్సుకే ముప్పు. కాబట్టి చక్కగా అప్పగించండి, కానీ సిద్ధం చేసి అప్పగించండి.

ముందురోజు పూర్తిగా శుభ్రం చేసి, మామూలు కంటే కాస్త మందంగా నూనె రాయండి. హోల్‌స్టర్ తీసేయండి. నూనె గుడ్డలో చుట్టి గాలి చొరబడని సంచిలో సిలికా జెల్‌తో పెట్టి, మీ పేరు, లైసెన్సు నంబర్ రాసిన చీటీ అతికించండి. నాలుగు వైపులా ఫోటోలు తీయండి. రసీదులో క్రమ సంఖ్య, తూటాల సంఖ్య, తేదీ ఉండాలి. కోడ్ ముగియగానే ఆలస్యం చేయకుండా తెచ్చుకుని, పైన చెప్పిన సిలిండర్ పరీక్ష, బ్యారెల్ పరీక్ష మళ్లీ చేయండి. చాలామంది నెలల తరబడి తెచ్చుకోరు. జీవితకాలం మన్నాల్సిన ఆయుధాలు గుంటలు పడేది అలాంటప్పుడే.

తర్వాతి తరానికి

లైసెన్సుదారుడికి 70 ఏళ్లు నిండినా, లేదా ఆ ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా, బతికుండగానే చట్టబద్ధ వారసుడి పేరు మీద లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టే వీలు 2016 నిబంధనల్లో ఉంది. వారసుడికి మిగతా అర్హతలన్నీ ఉండాలి, విచారణ మామూలుగానే జరుగుతుంది. తండ్రి చేతులు వణుకుతున్నాయని కొడుకు చూసినప్పుడే ఈ మాట ఎత్తాలి.

లైసెన్సుదారుడు చనిపోతే ఇంట్లో ఆ ఆయుధం ఉంచుకునే హక్కు ఎవరికీ ఉండదు. దినకర్మలు అయ్యేదాకా ఆగుదామనుకోకుండా, కుటుంబంలో ఒకరు దగ్గరి పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పి, ఆయుధాన్ని, తూటాలను అక్కడో లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. ఆ తర్వాత మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వ పత్రం, మిగతా వారసుల సమ్మతితో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇదంతా ఒక కాగితం మీద రాసి, లైసెన్సు జిరాక్స్‌తో కలిపి మీ ఫైలులో పెట్టండి. ఆ ఫైలు ఎక్కడుందో మీ ఇంట్లో ఇద్దరికి ఇవాళే చెప్పండి.